తెరపై అంతరాయము

ఒక యింటిలో అందరును టెలివిజన్ ముందు కూర్చుండి ఫుట్‌బాల్ పోటీని చూచుచున్నారనుకొనుడు. బంతి గోలును సమీపించినది. సరిగా ఆ క్షణముననే బొమ్మ చిన్న చిన్న చతురస్రములుగా చీలిపోయినది, మాట తెగిపోయినది, తెర నల్లబడినది. ఇంటివారు పెట్టెను తట్టుదురు. దానిని అమ్మిన దుకాణదారుని నిందింతురు. కాని అనేక సందర్భములలో దోషము పెట్టెలో ఉండదు. పెట్టెకు చేరవలసిన తరంగముల త్రోవలో ఉండును. ఆ దోషము ఎట్టిదియో తెలియనిదే దానికి తగిన చికిత్స చేయుట సాధ్యము కాదు.

టెలివిజన్ కార్యక్రమములు ఇంటికి చేరుటకు పెక్కు మార్గములు కలవు. కొన్ని ఉపగ్రహముల నుండి వచ్చును. కొన్ని తీగెల ద్వారా వచ్చును. మఱికొన్ని కొండలమీదను, ఎత్తైన స్తంభములమీదను నిలిపిన ప్రసార కేంద్రముల నుండి వెలువడి, నేలకు సమీపముగా వ్యాపించి, ఇంటికప్పుపై నున్న యాంటెన్నాకు చేరును. దీనిని భూతల ప్రసారము అందురు. 1977లో హైదరాబాదున దూరదర్శన్ కేంద్రము నెలకొన్న పిదప తెలుగువారి యిండ్లపై వెలసిన యాంటెన్నాలు ఇట్టి ప్రసారమును అందుకొనుటకే యేర్పడినవి. అది పాత పద్ధతి ప్రసారము. బ్రిటను దేశములో 1998 నవంబరు 15వ తేదీన డిజిటల్ భూతల ప్రసారము ఆరంభమయ్యెను. 2007లో వైట్‌హేవెన్ పట్టణమున పాత ప్రసారములను ఆపుటకు మొదలిడి, 2012 అక్టోబరు 24వ తేదీన ఉత్తర ఐర్లండులో ఆ పనిని ముగించిరి.

ఈ రెండు పద్ధతులకును గొప్ప భేదము కలదు. పాత పద్ధతిలో తరంగము బలహీనమైన కొలది బొమ్మయు క్రమక్రమముగా చెడుచుండెను. తెరపై ఇసుక చల్లినట్లు చుక్కలు కనబడుచుండెను. ఒక మనిషి ప్రక్కన అతని నీడవంటి మఱియొక బొమ్మ నిలుచుచుండెను. అయినను చూచువారు కథను పోల్చుకొనగలిగెడివారు. డిజిటల్ పద్ధతిలో బొమ్మను, మాటను సున్న, ఒకటి అను అంకెలుగా మార్చి, కట్టలు కట్టలుగా పంపుదురు. వానితోపాటు తప్పులు సరిదిద్దుకొనుటకై మఱికొన్ని అంకెలను గూడ చేర్చుదురు. ఉత్తరములో ఒకటి రెండు అక్షరములు చెఱిగినను చదువరి వానిని పూరించుకొన్నట్లు, పెట్టె చెడిన అంకెలను లెక్కకట్టి పూరించుకొనును. అందుచే కొంత అంతరాయము కలిగినను బొమ్మ స్వచ్ఛముగనే యుండును. కాని చెఱిగిన అక్షరములు మితిమీరినచో ఉత్తరమే అర్థము కాదు. చదునైన నేలపై నడచువాడు కొండ అంచు దాటి యొక్క అడుగు వేసినట్లు, డిజిటల్ బొమ్మ ఒక్కసారిగా మాయమగును.

అంకెలను చెఱపు శత్రువులలో మొదటిది వాతావరణము. సాధారణముగా పైకి పోయిన కొలది గాలి చల్లబడును. కాని వాయుపీడనము హెచ్చుగా నుండి, గాలి నిశ్చలముగా నున్న దినములలో చల్లని గాలి నేలను అంటియుండగా దానిపై వెచ్చని గాలి పొరగా నిలుచును. అప్పుడు పైకి సాగిపోవలసిన తరంగములు క్రిందికి వంగి, గొట్టములో నీరు పారినట్లు వందల కిలోమీటర్లు పయనించును. ఐరోపా ఖండములోని ప్రసారములు సముద్రము దాటి బ్రిటను తీరమునకు చేరును. అందుబాటులో నున్న పౌనఃపున్యములు కొన్నియే యగుటచే, దూర దూరముగా నున్న కేంద్రములకు ఒకే పౌనఃపున్యమును కేటాయింతురు. అట్టి రెండు ప్రసారములు ఒకే యాంటెన్నాపై బడినప్పుడు ఒకదానినొకటి చెఱచుకొనును. ఇందుకు మందు ఓపిక యొక్కటియే. ఆ సమయమున పెట్టెను మరల ట్యూన్ చేయరాదని అచటి నిపుణులు ప్రేక్షకులకు చెప్పుదురు. వాతావరణము మాఱగనే బొమ్మ తనంతట తానే తిరిగి వచ్చును.

రెండవ శత్రువు కట్టడములు. లండను తూర్పు భాగమున కానరీ వార్ఫ్ అనుచోట 1991లో ఏబది అంతస్తుల భవనము పూర్తియయ్యెను. దాని యెత్తు 235 మీటర్లు. వెలుపలి గోడలకు ఉక్కు రేకులు తొడిగిరి. అది క్రిస్టల్ ప్యాలెస్ ప్రసార కేంద్రమునకును, సమీపపు ఇండ్లకును నడుమ నిలిచి, తరంగములకు అడ్డుపడెను. వందలకొలది నివాసులు న్యాయస్థానమునకు పోయిరి. అప్పటికి అత్యున్నత న్యాయస్థానముగా నుండిన ప్రభువుల సభ 1997లో తీర్పు చెప్పెను. ఒకడు తన నేలపై భవనము కట్టుకొన్నంత మాత్రమున, పొరుగువారి టెలివిజన్ బొమ్మ చెడినందుకు పరిహార మీయ నక్కఱలేదని దాని సారాంశము. న్యాయస్థానము తీర్చని కష్టమును ఇంజనీర్లు అంతకుముందే చాలవఱకు తీర్చిరి. 1991లోనే అచట చిన్న ఉపప్రసార కేంద్రమును నెలకొల్పిరి.

అది పాత ప్రసారముల నాటి కథ. డిజిటల్ ప్రసారమునకు కూడ భవనముల నీడ తప్పదు; కాని గోడలకు తగిలి ఆలస్యముగా వచ్చు తరంగముల బాధ తగ్గినది. ఏలన, ప్రతి అంకెల కట్టకు ముందు కొంత రక్షణ విరామమును ఉంతురు. తరంగము సెకనులో పదిలక్షవ వంతు కాలమున 300 మీటర్లు పయనించును. బ్రిటనులో తరువాత అనుసరించిన పద్ధతిలో ఈ విరామము అట్టి వంతులు ఇరువది యెనిమిది. కావున 8,400 మీటర్లు అధికముగా తిరిగి వచ్చిన తరంగమును గూడ పెట్టె సహింపగలదు.

మూడవ శత్రువు ఇంటిలోనే యుండును. విద్యుద్దీపము మీట నొక్కినప్పుడును, రిఫ్రిజిరేటరు తనంతట ఆగి సాగునప్పుడును చిన్న నిప్పురవ్వ పుట్టును. ఆ రవ్వ క్షణకాలముండు ప్రసార కేంద్రమువంటిదే. బ్రిటనులో మొదట ప్రసారమును 1,705 సన్నని తరంగములపై పంచి పంపిరి. నిప్పురవ్వల ధాటికి ఆ బొమ్మ సులభముగా చెదరుచుండెను. తరువాత 6,817 తరంగములపై పంచి, ఒక్కొక్క కట్టను నాలుగింతల కాలము నిలిపిరి. దీర్ఘమైన కట్టలో క్షణికమైన రవ్వ స్వల్ప భాగమునే చెఱపగలదు. అయినను యాంటెన్నా నుండి దిగు కేబులుకు మంచి లోహ కవచము లేనిచో ఈ శత్రువు లోపలికి చొరబడును.

నాలుగవది మొబైలు ఫోను స్తంభము. పాత ప్రసారములు ఆగిన పిదప 790 నుండి 862 మెగాహెర్ట్జ్‌ల వఱకు గల భాగము ఖాళీ యయ్యెను. 2013లో దానిని నాలుగవ తరము మొబైలు సేవలకు వేలము వేసిరి. అప్పుడు టెలివిజన్ భాగము 790 వద్ద ముగియుచుండగా, మొబైలు స్తంభముల ప్రసారము 791 వద్ద ఆరంభమగుచుండెను. రెండిండ్ల నడుమ గోడ మిక్కిలి పలుచనగా నుండెను! యాంటెన్నాకు తగిలించిన యాంప్లిఫయరు తనవారిని, పరులను ఎఱుగక అన్నింటిని పెంచును. స్తంభము దగ్గఱలో నున్నచో ఆ బలమునకు తాళలేక తడబడును. ఇరువది మూడు లక్షల గృహములకు బాధ కలుగవచ్చునని మొదట భయపడిరి. నిజముగ బాధ కలిగినవి అందులో స్వల్ప భాగమే. మొబైలు సంస్థల ధనముతోనే ఒక సంఘమును ఏర్పఱచి, ఆ తరంగములను ఆపు ఫిల్టరులను ఉచితముగా పంచిరి.

ఇట్లు అంతరాయమునకు గుఱియగు టెలివిజన్ పెట్టెయే ఒకప్పుడు ఇతరులకు అంతరాయము కలిగించును. వేల్సు దేశములో అబెర్‌హోసాన్ అను పల్లెలో ప్రతిదినము ఉదయము ఏడు గంటలకు ఇంటర్నెట్టు చెడిపోవుచుండెను. పదునెనిమిది నెలలు గ్రామస్థులు బాధపడిరి. కేబులు మార్చినను ఫలము లేకపోయెను. తుదకు ఇంజనీర్లు తరంగములను కొలుచు పరికరమును చేతబట్టి, జోరువానలో తెల్లవాఱుజామున ఆరు గంటలకు వీధులలో తిరిగిరి. సరిగా ఏడు గంటలకు పరికరము విద్యుత్ అలజడిని పసిగట్టెను. ఒక యింటిలోని పాత టెలివిజన్ దానికి మూలము! ఆ యింటివారు ఉదయమున దానిని వేయగనే ఊరంతటికి అంతరాయము కలుగుచుండెను. సంగతి తెలిసి వారు మిక్కిలి నొచ్చుకొని, ఆ పెట్టెను ఇక వాడమని మాట యిచ్చిరి. 2020లో ఈ వృత్తాంతము పత్రికలలో వెలువడెను.

ఆ యింటివారు దుష్టులు కారు. తమ పెట్టె చేయు హానిని వారెఱుగరు. గ్రామస్థులు తొందరపడి ఎవరినో నిందించియున్నచో కారణము బయటపడి యుండదు. ఓపికతో వెదకిన వారికే అది దొరకెను. తరంగములు సాగు ఆకాశము చెఱువు నీటివలె అందరి సొత్తు. ఒకరి వాడుక మఱియొకరికి కీడు కాకుండ చూచుకొనుట దానిని పంచుకొను వారందరి ధర్మము.

ప్రశ్నలు

1. పాత ప్రసారమునకును డిజిటల్ ప్రసారమునకును అంతరాయము కలిగినప్పుడు కనబడు భేదమేమి?
2. దూరదేశపు ప్రసారములు కొన్ని దినములలో మాత్రమే బ్రిటనుకు ఏల చేరును?
3. రక్షణ విరామము వలన కలుగు ప్రయోజనమును వివరింపుడు.
4. అబెర్‌హోసాన్ పల్లెలో అంతరాయమునకు కారణమును ఎట్లు కనుగొనిరి? దానివలన మీరు గ్రహించిన నీతి యేమి?