రక్తపింజరి నుంచి వేలూరు దాకా



పేథాలజీ పీజీ అయ్యాక రక్తం గడ్డకట్టే తీరు మీద, ప్లేట్‌లెట్ల జబ్బుల మీద పరిశోధన చేయాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. తోటివాళ్లేమో, ఎక్కడో ఒకరికి వచ్చే జబ్బుల కోసం జీవితం ధారపోయడం దేనికి, కేన్సర్ వైపు వెళ్లమంటున్నారట. వాళ్లు నీ మంచి కోరే చెబుతున్నారు. అయినా ఈ దారిలో నడిచినవాళ్ల కథలు కొన్ని విన్నాక నిర్ణయం తీసుకో. అందుకే ఉత్తరం కాస్త పెద్దదవుతోంది.

మొదటి కథ మన విశాఖపట్నంలోనే మొదలవుతుంది. 1780ల్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు అక్కడ ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ కొలువులో కోరమాండల్ తీరం పాములను సేకరించి, వాటి విషం కుక్కలకూ కోళ్లకూ ఎక్కితే ఏమవుతుందో రాసిపెట్టుకున్నాడు. 1796లో లండన్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఒక పాముకు ఇక్కడివాళ్లు చెప్పిన పేరే ఉంది: కాటుక రేకుల పొడ. మనం రక్తపింజరి అంటాం. మిగతా ప్రపంచానికి అది రస్సెల్స్ వైపర్.

దాదాపు నూట నలభై ఏళ్ల తర్వాత ఆ పాము విషం లండన్‌లో ఒక కుర్ర డాక్టరు చేతికి వచ్చింది. పేరు గ్విన్ మాక్‌ఫర్లేన్, సెయింట్ బార్తొలోమ్యూస్ ఆసుపత్రిలో పేథాలజిస్టు. పన్ను పీకితే రోజుల తరబడి రక్తం ఆగని హిమోఫిలియా పిల్లలు ఆ రోజుల్లో ఆసుపత్రుల్లోనే ప్రాణాలు వదిలేవారు. లండన్ జూలో పాముల విభాగం చూసే బర్జెస్ బార్నెట్‌తో కలిసి మాక్‌ఫర్లేన్ రకరకాల విషాలను రక్తంలో కలిపి చూశాడు. రక్తపింజరి విషాన్ని బాగా పలచన చేసి వేసినా హిమోఫిలియా రోగి రక్తం సెకన్లలో గడ్డకట్టింది. 1934లో వాళ్లు ఆ సంగతి లాన్సెట్‌లో ప్రచురించారు. పన్ను ఊడిన గుంటలో, పైపైన గాయాల మీద అద్దే మందుగా అది వాడుకలోకి వచ్చింది.

అదే విషం పాము కాటుతో ఒంట్లోకి దిగితే గడ్డకట్టే సరుకునంతా ఖర్చు చేసేసి, చివరికి రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పాము కరిచినవాళ్లకు చేసే పరీక్ష నీకు తెలిసిందే. శుభ్రమైన పొడి గాజు గొట్టంలో రెండు మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా ఇరవై నిమిషాలు ఉంచి, ఒంపి చూడటం. జారిపోతే విషం ఎక్కినట్టే, విరుగుడు మందు మొదలుపెట్టాలి. ఇంత చవకైన పరీక్ష ఇంత పెద్ద నిర్ణయాన్ని చెప్పగలగడం ఈ శాస్త్రంలో నాకు అన్నిటికంటే నచ్చే విషయం.

హిమోఫిలియా రక్తం ఆ విషానికి ఎందుకు లొంగిందో మొదట్లో మాక్‌ఫర్లేన్‌కు తెలియదు. విషం నేరుగా ఫ్యాక్టర్ 10 మీద పనిచేస్తుంది కనుక, ఆ రోగులకు లోపించిన ఫ్యాక్టర్ 8తో దానికి పనే లేదు. ఈ లెక్క తేలడానికి ఏళ్లు పట్టింది. మధ్యలో యుద్ధం వచ్చింది, ఆయన ఆక్స్‌ఫర్డ్ చేరాడు, రోజ్‌మేరీ బిగ్స్ వంటి సమర్థురాలు తోడైంది. 1964లో, అంటే పాము విషం పేపరు వచ్చిన ముప్పై ఏళ్లకు, నేచర్ పత్రికలో ఆయన క్యాస్కేడ్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు. ఒక ఎంజైము మరోదాన్ని లేపుతుంది, అది ఇంకోదాన్ని. అడుగడుగునా బలం పెరుగుతూ పోయి చివర్న ఫైబ్రిన్ వల తయారవుతుంది. అదే ఏడు అమెరికాలో డేవీ, రాట్‌నాఫ్ కూడా సైన్స్ పత్రికలో ఇదే మాట చెప్పారు. పీజీ మొదటి ఏడాదిలో నువ్వు బట్టీ పట్టిన ఆ బాణం గుర్తుల పటం వెనక ఇంత కాలం ఉంది. మాక్‌ఫర్లేన్ మొదలుపెట్టింది ఒక పిల్లవాడి పన్ను గుంట దగ్గర. నువ్వు కూడా ప్రశ్నను రోగి మంచం దగ్గరే వెతుక్కో. పత్రికల్లో ఈ ఏడాది ఏది నడుస్తోందో చూసి ఎంచుకున్న ప్రశ్న మూడేళ్లకే పాతబడుతుంది.

ఆక్స్‌ఫర్డ్‌లోనే జరిగిన ఇంకో సంగతి. హిమోఫిలియా అని ముద్ర వేసిన ఇద్దరి రక్తం కలిపితే గడ్డకట్టకూడదు, ఇద్దరికీ లోటు ఒకటే కదా. కానీ కొందరి రక్తం మరికొందరి రక్తంతో కలిపితే చక్కగా గడ్డకట్టింది. 1947లోనే బ్యూనస్ ఎయిర్స్‌లో పావ్లోవ్‌స్కీ ఇలాంటిది గమనించాడు. 1952లో బిగ్స్, మాక్‌ఫర్లేన్ బృందం దాని అంతు తేల్చింది: లోటు ఒకటి కాదు, రెండు. రెండో రకానికి, అంటే నేటి హిమోఫిలియా బికి, స్టీఫెన్ క్రిస్మస్ అనే ఐదేళ్ల రోగి పేరు పెట్టారు. ఆ పిల్లవాడి పేరు గుర్తుంచుకో, మళ్లీ వస్తుంది.

ఇక అరుదైన జబ్బుల మాట. 1918లో స్విట్జర్లండ్‌లో ఎడ్వర్డ్ గ్లాంజ్‌మాన్ అనే పిల్లల డాక్టరు ఒక వింత రాశాడు. ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉంది, రక్తం మాత్రం ఆగదు. 1970ల్లో ఫ్రాన్స్‌లో నర్డెన్, కాన్ ఆ ప్లేట్‌లెట్ల పైపొరలో ఒక ప్రొటీన్ లేదని చూపించారు. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునేది దానితోనే. అది లేకపోతే గడ్డ కట్టదు సరే, మరి గుండె రక్తనాళంలో గడ్డ కడుతున్న రోగిలో దాన్ని కావాలనే అడ్డుకుంటే? అమెరికాలో బారీ కాలర్ ఆ ప్రొటీన్‌ను కప్పేసే యాంటీబాడీ తయారుచేశాడు. అదే అబ్‌సిక్సిమాబ్, 1994లో అనుమతి పొందింది. వేళ్ల మీద లెక్కపెట్టదగ్గ కుటుంబాల జబ్బు నుంచి లక్షల మందికి వచ్చే గుండెపోటుకు మందు దొరికింది. నీ స్నేహితురాళ్లకు ఈ ఒక్క కథ చెప్పు, చాలు.

పైగా ఆ జబ్బు మనకు అంత దూరందేమీ కాదు. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా లోపం అందితేనే బయటపడే జబ్బులు, గ్లాంజ్‌మాన్ జబ్బు, బెర్నార్డ్ సూలియే జబ్బు, ఫ్యాక్టర్ 13 లోపం వంటివి, దగ్గరి సంబంధాలు చేసుకునే చోట ఎక్కువ. మేనమామ కూతురు, అక్క కూతురు వరస మన ఇళ్లలో ఎంత మామూలో నీకు చెప్పక్కర్లేదు. రక్తస్రావమని వచ్చిన ప్రతి బిడ్డ విషయంలోనూ మూడు తరాల వంశవృక్షం కాగితం మీద గీయి. మేనరికమా అని అడిగేటప్పుడు ఆ తల్లి తప్పు చేసినట్టు తలదించుకునేలా అడగకు. బొడ్డు ఊడిన చోట రక్తం కారిందా అని తప్పకుండా అడుగు. ఫ్యాక్టర్ 13 లోపంలో గడ్డకట్టే సమయం చూసే పీటీ, ఏపీటీటీ పరీక్షలు రెండూ మామూలుగానే వస్తాయి. రిపోర్టు బాగానే ఉందని ఇంటికి పంపిన బిడ్డకు తర్వాత మెదడులో రక్తస్రావమైతే ఎవరు సమాధానం చెబుతారు?

ల్యాబ్‌లో చేయి తిరగడం గురించి కూడా చెప్పాలి. ప్లేట్‌లెట్ల పనితీరు చూడటానికి 1962లో లండన్‌లో గుస్తావ్ బోర్న్ కనిపెట్టిన పద్ధతినే ఇప్పటికీ వాడుతున్నారు. ఆయన భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్న మాక్స్ బోర్న్ కొడుకు. ప్లేట్‌లెట్లు నిండిన ప్లాస్మా మబ్బుగా ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో, ఒంటి వేడి దగ్గర, అడుగున సన్నటి పుల్ల గిరగిరా తిరుగుతుండగా ఏడీపీ కొద్దిగా వేస్తారు. ప్లేట్‌లెట్లు ముద్దకడతాయి, విరిగిన మజ్జిగలా పైన తేట తేలుతుంది, వెలుతురు దాటిపోతుంది, గ్రాఫు మీద గీత లేస్తుంది. గ్లాంజ్‌మాన్ రోగిలో ఆ గీత కదలదు, రిస్టోసెటిన్ వేసినప్పుడు మాత్రం కదులుతుంది. బెర్నార్డ్ సూలియేలో సరిగ్గా దీనికి తలకిందులు. ఆ గీతను మొదటిసారి నీ చేత్తో రాబట్టిన రోజున నీకు ఈ పని మీద ప్రేమ పుడుతుంది.

కానీ గీత నిజం చెప్పాలంటే రక్తం సరిగ్గా తీయాలి. నీలం మూత ట్యూబులో తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేటు ఉండాలి. గీత దాకా నింపకపోతే ఏపీటీటీ లేని జబ్బును చూపిస్తుంది. ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్షకు తీసిన రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గత పది రోజుల్లో ఆస్పిరిన్ వేసుకున్నారేమో అడగాలి, మాత్ర పేరు తెలియదంటే రేకు తెప్పించుకుని చూడాలి. ఇవన్నీ టెక్నీషియన్ పని అనుకునే పరిశోధకులు ఉన్నారు. వాళ్ల ఫలితాలను నమ్మకు. రక్తం తీసే చోట కొన్నాళ్లు నువ్వే నిలబడు.

మెషీన్ ఇచ్చిన అంకెను కూడా స్మియర్ చూడకుండా నమ్మొద్దు. పర్పుల్ మూత ట్యూబులోని ఈడీటీఏ వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపులు కడతాయి, మెషీన్ వాటిని లెక్కించలేదు, లక్షన్నర ఉన్న మనిషికి ముప్పై వేలని కాగితం వస్తుంది. వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వైద్యులు 2002లో ఇంకో సంగతి బయటపెట్టారు. బెంగాల్ నుంచి వచ్చిన ఆరోగ్యవంతులైన రక్తదాతల్లో కొందరికి ప్లేట్‌లెట్లు పుట్టుకతోనే పెద్దవిగా, తక్కువగా ఉంటాయి, జబ్బేమీ లేదు. దీన్నే తర్వాత హారిస్ సిండ్రోమ్ అన్నారు. ఇది తెలియక ఇలాంటివాళ్లకు స్టెరాయిడ్లు ఇచ్చే ప్రమాదం ఉంది.

వానాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో ప్లేట్‌లెట్లు ఇంటింటి మాట అవుతాయి. డెంగీ జ్వరంలో అంకె ఇరవై వేలకు దిగగానే బంధువులంతా బ్లడ్ బ్యాంకుల చుట్టూ పరుగులు. సింగపూర్, మలేసియాల్లో 372 మంది పెద్దవాళ్ల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2017లో లాన్సెట్‌లో వచ్చాయి. రక్తస్రావం లేకుండా అంకె మాత్రమే తగ్గినవాళ్లకు ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే 21 శాతం మందిలో, ఎక్కించకపోతే 26 శాతం మందిలో రక్తస్రావం కనిపించింది. లెక్క ప్రకారం అది తేడా కిందికి రాదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించినవాళ్లలోనే ఎక్కువ. ఇలాంటి ప్రశ్న తీసుకుని మన జిల్లాల్లో ఎవరైనా నిజాయితీగా పనిచేస్తే ఎన్ని ఇళ్లలో భయం తగ్గుతుంది, ఎంత డబ్బు మిగులుతుంది!

తెగువ గల పరిశోధకుల గురించి కూడా నువ్వు వింటావు. 1950లో సెయింట్ లూయిస్‌లో విలియం హారింగ్టన్ అనే యువ డాక్టరు, ప్లేట్‌లెట్లు పడిపోయే ఐటీపీ జబ్బున్న రోగి రక్తం అరలీటరు తన ఒంట్లోకి ఎక్కించుకున్నాడు. గంటల్లో ఆయన ప్లేట్‌లెట్లు పదివేల కిందికి పడిపోయాయి, ఒళ్లంతా ఎర్రమచ్చలు, కోలుకోవడానికి రోజులు పట్టింది. రోగి రక్తంలోనే ప్లేట్‌లెట్లను చంపేది ఏదో ఉందని అలా రుజువైంది. ఆయన తెగువను మెచ్చుకో, అనుకరించకు. ఇప్పుడు నైతిక కమిటీలు ఉన్నాయి, ఉండాలి కూడా.

ఎందుకంటే ఈ రంగం ఘోరమైన దెబ్బ కూడా చూసింది. 1964లో స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్, మంచుగడ్డలా చేసిన ప్లాస్మాను చల్లదనంలోనే నెమ్మదిగా కరిగిస్తే అడుగున మిగిలే పదార్థంలో ఫ్యాక్టర్ 8 దండిగా ఉంటుందని తేల్చింది. మన బ్లడ్ బ్యాంకుల్లో క్రయో అని పిలిచేది అదే. మామూలు రక్తనిధిలో చేసుకోగల చికిత్స అది. తర్వాత వేల మంది దాతల ప్లాస్మా కలిపి తీసిన పొడి మందులు వచ్చాయి. వాటితోనే హెచ్‌ఐవీ కూడా వచ్చింది. అమెరికాలో హిమోఫిలియా ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి అది సోకింది. స్టీఫెన్ క్రిస్మస్ కూడా ఎక్కించుకున్న రక్తం వల్లే ఎయిడ్స్ బారిన పడి 1993లో కన్నుమూశాడు. ఏ జబ్బుకు ఆయన పేరు పెట్టారో ఆ జబ్బు ఆయన్ను చంపలేదు, దానికి చేసిన వైద్యం చంపింది. కొత్త మందు ఫలితాలు చూసి సంబరపడేటప్పుడు ఈ మాట మరిచిపోకు.

ఇక చివరి కథ మన పక్కనే. వేలూరు సీఎంసీలో అలోక్ శ్రీవాస్తవ బృందం ఐదుగురు తీవ్ర హిమోఫిలియా ఎ రోగుల మూలకణాల్లోకి ఫ్యాక్టర్ 8 జన్యువును పంపి, వాటిని తిరిగి వాళ్లకే ఎక్కించింది. 2024 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ ఫలితాలు వచ్చాయి. గమనించినంత కాలం ఎవరికీ రక్తస్రావం కాలేదు. నీకు చిత్తూరు నుంచి బస్సులో వెళ్లేంత దూరంలోనే ఈ పని జరుగుతోంది. విదేశాలకు వెళ్లాలనుకుంటే వెళ్లు, ముందు వేలూరులో కొన్ని నెలలైనా ఉండి చూడు.

పరిశోధనకు దరఖాస్తు రాసే లోపు ఒక పని చెయ్యి. మీ ఆసుపత్రిలో గైడ్ అనుమతి తీసుకుని, బొడ్డు దగ్గర రక్తస్రావంతో వచ్చి పీటీ, ఏపీటీటీ మామూలుగా ఉన్నాయని ఇంటికి పంపిన పసిబిడ్డలు ఎందరో పాత రిజిస్టర్లలో చూడు. నాకు పేర్లు, ఊళ్లు ఏవీ వద్దు. వయసు, రక్తం ఎక్కడి నుంచి వచ్చింది, ఏ పరీక్షలు చేశారు, తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా అన్నవరకే రాసుకో. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ కాగితం వెంట తెచ్చుకో, ఇద్దరం కూర్చుని దాంట్లో థీసిస్‌కు పనికొచ్చే ప్రశ్న ఏదైనా ఉందేమో చూద్దాం.

మీ అమ్మానాన్నలను అడిగినట్టు చెప్పు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న