విద్యుత్ పొదుపు పరికరాలపై పన్ను జమ: వర్తకులకు దక్కేది ఎంత?

తెనాలి: అయిదు స్టార్ల ఏసీ, ఫ్రిజ్, ఫ్యాన్ కొన్నవారికి ప్రభుత్వం పన్నులో కొంత తిరిగి ఇస్తుందా అన్న ప్రశ్న వేసవి కొనుగోళ్ల వేళ వర్తకులలో తరచు వినవస్తుంది. స్టార్లను బట్టి ఇచ్చే పన్ను రాయితీ మన చట్టాలలో లేదు. 2006లో ప్రవేశపెట్టిన స్టార్ గుర్తు కరెంటు వాడకాన్ని తెలిపేదే గాని పన్నును తగ్గించేది కాదు. ఏసీకి ఎన్ని స్టార్లున్నా జి.ఎస్.టి. 18 శాతమే. 2025 సెప్టెంబరు 22కు ముందు ఇది 28 శాతం. అమెరికాలో ఉన్న పిల్లలు చెప్పే రాయితీ వేరు. అక్కడ హీట్ పంపు వంటి వాటికి ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్లకు మించకుండా, ఆదాయపు పన్నులో తగ్గించేవారు. 2025 డిసెంబరు 31తో అదీ ముగిసింది.

మన వర్తకునికి ఉన్న దారి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ ఒక్కటే. రూ. 40,000 ఏసీ మీద రూ. 7,200 పన్ను పడుతుంది. ఆ ఏసీ వ్యాపారానికే వాడితే, అమ్మే సరుకు పన్ను పడేదయితే, ఆ మొత్తం ఖాతాకు జమ అవుతుంది. చిక్కంతా ఈ రెండో షరతులోనే ఉన్నది.

2022 జులై 18 నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యానికి 5 శాతం పన్ను ఉన్నది. అంతకు మించిన సంచులకు, విడి బియ్యానికి లేదు. 26 కిలోల సంచులు బజారులోకి వచ్చిన కారణం వర్తకులకు వేరే చెప్పనక్కరలేదు. అయితే బాపట్ల, రేపల్లె ప్రాంతాలలో పూర్తిగా ఆ సంచులే అమ్మే మిల్లరుకు మోటారు మీద గాని, ఆఫీసు ఏసీ మీద గాని పైసా జమ రాదు. రెండు రకాలూ అమ్మేవారికి లెక్క ఇలా ఉంటుంది. రూ. 7,200ను 60 నెలలకు పంచితే నెలకు రూ. 120. ఆ నెల అమ్మకాలలో పన్ను లేనివి 40 శాతమయితే రూ. 48 తిరిగి కట్టాలి. మొదట మొత్తం జమ తీసుకుని ఈ నెలవారీ లెక్క మరచేవారే తనిఖీలో ఇబ్బంది పడతారు.

ధాన్యం, మినుముల కమీషన్ వ్యాపారికి కమీషను మీద పన్ను లేదు కనుక జమా లేదు. అదే దలాలి బియ్యానికో మినప్పప్పుకో అయితే పన్ను పడుతుంది, జమకూ దారి ఉంటుంది. కాంపోజిషన్ పద్ధతిలో ఉన్నవారికి ఏ జమా వర్తించదు.

కొట్టు పేర బిల్లు వేయించి ఫ్రిజ్‌ను ఇంటికి పంపే అలవాటు మంచిది కాదు. సొంత వాడకానికి జమ చెల్లదు. వాడుకున్న జమను 18 శాతం వడ్డీతో కట్టవలసి వస్తుంది, జరిమానా అదనం. కింద కొట్టు, పైన ఇల్లు ఉన్నచోట వ్యాపారానికి వాడిన భాగానికే జమ. ఇంటివారికి వేరే వసతి ఉన్నది. 2024లో వచ్చిన సూర్య ఘర్ పథకంలో ఇంటి కప్పుపై 3 కిలోవాట్లు, అంతకు మించిన సౌర పలకలకు కేంద్రం రూ. 78,000 సబ్సిడీ ఇస్తుంది. అది పన్ను జమ కాదు.

బిల్లు మీద కొన్నవారి జి.ఎస్.టి. నంబరు తప్పనిసరి. హైదరాబాదు కొట్టువారు తెలంగాణ పన్ను వేసి బిల్లిస్తే ఇక్కడ పనికిరాదు, ఐ.జి.ఎస్.టి. వేయించుకోవాలి. అమ్మినవారు రిటర్ను వేసి, ఆ బిల్లు కొన్నవారి జి.ఎస్.టి.ఆర్. 2బిలో కనబడాలి. అరువుకు కొంటే 180 రోజులలోగా సొమ్ము చెల్లించాలి, లేకుంటే తీసుకున్న జమ వెనక్కు కట్టి, చెల్లించాక మళ్లీ తీసుకోవాలి. పన్ను మొత్తాన్ని కూడా కలిపి ఆదాయపు పన్నులో తరుగుదల చూపితే జి.ఎస్.టి. జమ పోతుంది. గుమస్తాలు సాధారణంగా పొరపడేది ఇక్కడే. ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30, లేదా వార్షిక రిటర్ను వేసిన రోజు, ఏది ముందయితే అది గడువు.