మరమనిషి పందెము: బహుమానము నిర్ణయించు విధము

క్రిందటి సంవత్సరము ఒక పట్టణమున జరిగిన పాఠశాలల రోబో పందెమునకు మన మడకశిరనుండి ఆఱుగురు విద్యార్థులు వెళ్లి, ఆటలో అందఱికంటె ఎక్కువ మార్కులు తెచ్చుకొనియు, ప్రధాన బహుమానము లేకయే తిరిగి వచ్చిరి. దీనిగుఱించి ఊరిలో పలువిధములైన మాటలు పుట్టినవి. పల్లెటూరి పిల్లలని చిన్నచూపు చూచిరని కొందఱు తల్లిదండ్రులు మాతో అనిరి. కొంతకాలము మాకును అది నిజమనియే తోచినది. పిమ్మట నిర్ణేతలు వ్రాసి యిచ్చిన కాగితమును నెమ్మదిగా చదువగా ఒక వాక్యము కంటబడినది. రోబోను నడపు ఆజ్ఞలను ఎవరు వ్రాసిరని అడుగగా పిల్లలు ఉత్తరము చెప్పలేదట. చెప్పలేకపోవుట నిజమే. పందెమునకు నాలుగు దినములు ముందు, కాలము చాలదను తొందరలో, వానిలో సగము వ్రాసినవారము మేమే. కావున ఈ వ్యాసమును బోధించుటకు ఎంతయో, తప్పు ఒప్పుకొనుటకును అంతయే వ్రాయుచున్నాము.

ఇట్టి పందెములలో మిక్కిలి వ్యాప్తి చెందినది ఫస్ట్ లెగో లీగ్. ఫస్ట్ అను సంస్థను 1989లో అమెరికా దేశమున డీన్ కామెన్ అను యంత్రశిల్పి స్థాపించెను. 1998లో ఆయనయు, డెన్మార్కు దేశపు లెగో బొమ్మల కంపెనీవారును కలిసి పిల్లలకై ఈ లీగును ఆరంభించిరి. జట్టులో పదిమందికి మించరాదు. రోబో యనగానే కాళ్లు చేతులు గల మరమనిషి యని చిన్న తరగతులవారు తలంతురు. ఇక్కడ అది చక్రముల బండి మాత్రమే. రెండున్నర నిమిషములలో అది బల్లమీద నమర్చిన పనులను చేయవలెను. దూరమునుండి మీటలతో నడపుట కుదరదు. ముందుగా వ్రాసిపెట్టిన ఆజ్ఞలను బట్టి తానే పోవలెను.

ఇక్కడనే తరగతిలో నేర్చిన గణితము పనికివచ్చును. చక్రము అడ్డుకొలత 5.6 సెంటీమీటర్లయినచో ఒక చుట్టునకు బండి ఇంచుమించు 17.6 సెంటీమీటర్లు పోవును. 88 సెంటీమీటర్లు పోవలెనన్న చక్రమును ఐదు చుట్లు త్రిప్పవలెను. ఇంతవరకు సుళువే. కాని బయలుదేరునపుడు బండి ముఖము ఒక్క డిగ్రీ వంకరయైనను, రెండు మీటర్లు పోవునప్పటికి మూడున్నర సెంటీమీటర్లు ప్రక్కకు తొలగును. ఎత్తవలసిన కడ్డీ అందదు. అందుచేత అనుభవము గలవారు నడుమ నడుమ బండిని బల్ల అంచునకు ఆనించి సరిచేయుదురు, లేదా రంగును గుర్తించు సాధనముచేత నల్లగీతను వెదకింతురు. చక్రములకు దుమ్ము పట్టినను జాఱును. మన యెఱ్ఱదుమ్ము సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు గదా.

జట్టునకు మొదట ఆఱు బిళ్లలిత్తురు. రోబో తన యింటి బయట చిక్కుకొనినపుడు చేతితో పట్టి తెచ్చినచో ఒక బిళ్ల పోవును. 2024-25 నియమములలో ఆఱు మిగిలినను ఐదు మిగిలినను 50 మార్కులే. నాలుగు మిగిలిన 35, మూడైన 25, రెండైన 15, ఒకటైన 10. మొదటి తప్పును క్షమించిరన్నమాట. ఆట మూడు మార్లు జరుగును. మూడింటిని కూడరు, వానిలో పెద్ద సంఖ్యను మాత్రమే లెక్కింతురు.

మన పిల్లలు నెగ్గినది ఈ భాగమే. కాని ప్రధాన బహుమానమున ఇది నాలుగవ వంతు మాత్రమే యని వారికిగాని మాకుగాని తెలియదు. రోబో నిర్మాణము, ఒక సమస్యకు క్రొత్త పరిష్కారము కనుగొను ప్రయత్నము, జట్టు నడవడి అనునవి తక్కిన మూడు వంతులు. ఈ మూడింటికై జట్టు ఒక గదిలో నిర్ణేతల యెదుట అరగంట కూర్చుండును. పెద్దలు ఇద్దఱు లోపలికి రావచ్చును గాని నోరు మెదపరాదు. పిల్లలే చెప్పవలెను, పిల్లలే అడిగినవానికి ఉత్తరమీయవలెను. ఏ యుపాయము చెడినది, దాని స్థానమున ఏమి చేసితిరి అని నిర్ణేతలు త్రవ్వి త్రవ్వి అడుగుదురు. చెడిన సంగతి దాచినవానికంటె చెప్పినవానికే లాభము. నడవడి విషయమున మఱియొకటి కలదు. ఆడుచున్నపుడు ఎదుటివారితో ఎట్లు మెలగిరో బల్లవద్దనున్న మధ్యవర్తియు చూచి మార్కు వేయును.

ఒక లెక్క చూడుడు. ఒక జట్టు ఆటలో 1వది, నిర్మాణమున 8వది, సమస్యలో 9వది, నడవడిలో 7వది అనుకొందము. స్థానములు కూడగా 25. వేఱొక జట్టు వరుసగా 5, 2, 3, 4 స్థానములలో నుండెను, మొత్తము 14. తక్కువ మొత్తము గలవారే ముందు. అయినను నిర్ణేతలు ఒకచోట కూర్చుండి చర్చించిన పిమ్మటనే పేరు తేల్తురు. ఆటలో మొదటివారికి వేఱుగ బహుమానము కలదు గనుక వారికి అన్యాయమనరాదు.

ఈ పరికరములు వెలగలవి. 2016లో కేంద్రప్రభుత్వము మొదలిడిన అటల్ ఇన్నొవేషన్ మిషన్ పథకమున ఎన్నికైన పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయము దొరకును. అది లేనిచోట పాత బొమ్మకారు చక్రములతోనైనను చేయి తిరుగును.

సమస్యను వెదకుటకు మాత్రము మన పిల్లలకు వెలతో పనిలేదు. 2017-18లో ఈ లీగువారు జట్లకు నీటినే విషయముగా నిచ్చిరి: మనుష్యుడు నీటిని కనుగొనుట, తరలించుట, వాడుట, విడుచుట. వేరుసెనగ వేసి ఆకాశము చూచు మన మండలమున ఆ ప్రశ్నకు ఉత్తరము పుస్తకములో వెదకవలసిన పనియేమి? ఇది తలంచియే ఈ యేడు తొమ్మిదవ తరగతి బాలికలు గ్రామములకు పోయి, బోరుబావుల యజమానులను అడిగి వ్రాసికొనుచున్నారు. నీరు తగ్గిన బోరులో మోటారు ఉత్తినే తిరిగి కాలిపోవుట వారు ఎన్నుకొనిన సమస్య. దానిని ఆపు సాధనములు అంగళ్లలో నున్నవని మేము చెప్పగా వారు కొంత చిన్నబోయిరి. పిమ్మట ఒక తాత, "నీళ్లు ఐపోయే ముందు పైపు దగ్గుతాది పాపా, ఆ సద్దు నాకు మంచంమీద పండుకొన్నా తెలుస్తాది" అని వారితో చెప్పెనట.

ఇప్పుడు వారు ఆ దగ్గును యంత్రమునకు వినిపించు ప్రయత్నములో నున్నారు. గాలి వీచినను దగ్గే యనుకొని రెండు మార్లు మోటారు ఆగినది. ఆజ్ఞలు సగమే వ్రాయబడినవి. మేము ఈసారి ముట్టలేదు.