జాకీ పెళ్ళిగౌను కుట్టిందెవరో తెలుసా?

ఏమర్రా చెల్లెళ్ళూ, ఒకప్పటి అమెరికా అధ్యక్షుడు కెనెడీ భార్య జాక్వెలిన్, అదే జాకీ, పెళ్ళి ఫొటో మీరంతా ఎప్పుడో ఒకప్పుడు చూసే ఉంటారు. భుజాలు కనబడేలా విశాలమైన మెడ, నడుం దగ్గర బిగుతుగా పట్టి కిందికి బోలెడంత విచ్చుకున్న పావడా, తలమీద అమ్మమ్మనాటి లేసు ముసుగు. 1953 సెప్టెంబరు 12న, రోడ్ ఐలాండ్ రాష్ట్రంలోని న్యూపోర్ట్‌లో జరిగింది ఆ పెళ్ళి. విందుకే పన్నెండు వందల మంది పైచిలుకు వచ్చారట. మర్నాడు పేపర్లు గౌనును మెచ్చుకున్నాయి, బట్ట ఏ రకమో చెప్పాయి. కుట్టిన మనిషి పేరు మాత్రం న్యూయార్క్ టైమ్స్ రాయనే లేదు.

ఆమె పేరు ఆన్ లోవ్. నల్లజాతి మనిషి. పుట్టింది అలబామా రాష్ట్రం క్లేటన్‌లో. ముత్తవ్వ బానిస. అమ్మమ్మ, అమ్మ ఇద్దరూ కుట్టుపనిలో ఆరితేరినవాళ్ళు. వాళ్ళు కత్తిరించి పారేసిన పీలికలతో ఈ పిల్ల పూలు చేసేదట. వాళ్ళమ్మ ఆ రాష్ట్ర గవర్నరు భార్యకు గౌన్లు కుడుతూ కుడుతూనే 1914లో పోయింది. ఇంకా నాలుగు గౌన్లు మిగిలాయి. అప్పటికి టీనేజిలో ఉన్న ఆన్ వాటిని పూర్తిచేసి ఇచ్చేసింది. 1917లో న్యూయార్క్ డిజైన్ స్కూల్‌కి వెళితే, తెల్లపిల్లల పక్కన కూర్చోనివ్వకుండా విడిగా ఒక గదిలో పెట్టారు. కొన్నాళ్ళకు ఆ పిల్లలే ఈమె పని చూడటానికి ఆ గదికి వచ్చేవారట!

సరే, గౌను సంగతి చెప్తాను. మీగడరంగు పట్టు టఫెటా, నడిస్తే గరగరలాడే రకం, దాదాపు 50 గజాలు పట్టింది. పొడవు లెక్కన మన చీరలు ఎనిమిది. బాడీ మీద సన్నటి మడతల పట్టీలు ఒకదాన్నొకటి దాటుతూ అల్లినట్టు వెళతాయి. పావడా మీద గుండ్రంగా తిరిగిన మడతల వరసలు, వాటిలో చిన్నచిన్న మైనపు పూలు. అంత బట్టను అన్నన్ని మడతలు పెట్టినా పావడా పడిపోకుండా నిలబడిందంటే అది ఆవిడ పనితనం. పెళ్ళికూతురికి మాత్రం అది అంతగా నచ్చలేదంటారు. తనకు సాదాగా, సన్నగా ఉండేది కావాలట. మనిళ్ళలో జరగనిదా ఏం, పెళ్ళిబట్టలు పెద్దవాళ్ళ ఇష్టం! ఆన్ లోవ్ దగ్గర కుట్టించుకునే అలవాటు ఆ అమ్మాయి తల్లిది.

పెళ్ళి పది రోజులుందనగా ఆన్ కుట్టుగదిలో పైపు పగిలింది. పెళ్ళికూతురిదీ తోడు పెళ్ళికూతుళ్ళవీ కలిపి పదిహేను గౌన్లలో, పెళ్ళికూతురిదాంతో సహా, పది నీళ్ళపాలు. పెళ్ళికూతురి గౌనుకే రెండు నెలలు పట్టింది మరి. ఆవిడ మళ్ళీ బట్ట కొనుక్కొచ్చి, కూలికి మనుషుల్ని పెట్టుకుని, రెండు రోజుల్లో కత్తిరించి మూడు రోజుల్లో కుట్టేసింది. 700 డాలర్లు మిగులుతాయనుకున్న చోట 2,200 డాలర్ల నష్టం. ఆ డబ్బున్న కుటుంబానికి ఒక్కముక్క చెప్పలేదు. ఇదే నాకు మింగుడుపడదు. చెప్పి ఉంటే ఇచ్చేవారో లేదో గానీ, ‘ఆ మనిషికి ఇస్తే ఇలా అయింది’ అంటారన్న భయమే ఎక్కువై ఉంటుంది. అసలే నల్లజాతి మనిషి, పైగా ఆడది. పైపు పగలడం కూడా ఆవిడ తప్పే అయ్యేది.

నోరు లేనిదనుకునేరు! గౌన్లు తీసుకుని న్యూపోర్ట్‌లో ఆ ఇంటికి వెళితే, పనివాళ్ళ గుమ్మంలోంచి రమ్మన్నారట. అలాగైతే గౌన్లు వెనక్కి పట్టుకుపోతానంది. వీధిగుమ్మం తెరిచారు.

ధరల దగ్గర మాత్రం ఆ గట్టితనం కనబడదు. రాక్‌ఫెల్లర్లు, డ్యూపాంట్లు, రూజ్‌వెల్ట్‌లు, పెద్దింటివాళ్ళందరూ ఆవిడ ఖాతాదార్లే. అంతటివాళ్ళు బేరమాడితే ఈవిడ తగ్గించేది. పట్టు ఖరీదు, పనివాళ్ళ కూలి పోను తన కష్టానికి మిగిలేది ఏముంటుంది? ఖాతాదార్ల హోదా చూసి మురిసిపోయి తన చేతిపనికి తానే విలువ కట్టుకోని ఆడవాళ్ళు మన వీధిలోనూ ఉన్నారు. మగ్గం వర్కు చేసే అమ్మాయిని అడిగి చూడండి.

జాకీ వైట్‌హౌస్‌లో అడుగుపెట్టిన 1961లో, ఒక పత్రిక ఆ గౌనును ఎవరో నల్లజాతి దర్జీ కుట్టినట్టు, పేరైనా లేకుండా రాసింది. ఆన్‌కి కడుపు మండి జాకీకే ఉత్తరం రాసింది. నేను పేరున్న డిజైనర్‌ని, అలాగే చెప్పండి అని. మర్యాదగా రాసిందే గానీ బాధ దాచుకోలేదు.

మరుసటేడు పన్ను బకాయిల కింద షాపు మూతపడింది. గ్లకోమాతో కుడికన్ను కూడా పోయింది. అంతలో ఎవరో పేరు చెప్పకుండా ఆ బకాయి కట్టేశారు. జాకీయే కట్టిందని ఆన్ చివరిదాకా నమ్మింది. నాకూ నమ్మాలనే ఉంది గానీ ఆధారం లేదు. నిజంగా జాకీయే అయితే, అంత డబ్బిచ్చిన మనిషి ఆ పేరొక్కటి అప్పుడే నలుగురిలో చెప్పి ఉంటే ఆన్‌కి గిరాకీ అదే వచ్చేది కదర్రా!