కాలి నొప్పికి నడుము దగ్గర వెతకాలి

అనంతపురంలో ఫిజియోథెరపిస్టుగా చేసి రిటైరయ్యాను. కొత్తగా ఈ వృత్తిలోకి వచ్చిన పిల్లలు సయాటికా (నడుము దగ్గర నరం నొక్కుకుని కాలికి గుంజే నొప్పి) గురించి అడగడానికి అప్పుడప్పుడూ ఇంటికొస్తుంటారు. వాళ్లకు చెప్పే మాటలే ఇవి.

1. ముందు ఏం పని చేస్తారో అడగండి. ధర్మవరంలో మగ్గం గుంతలోకి కాళ్లు దించి గంటలకొద్దీ ముందుకు వంగే నేతగాడి నడుము వేరు, తాడిపత్రిలో బండలెత్తే మనిషి నడుము వేరు. అక్టోబరు, నవంబరు వచ్చాయంటే చెనక్కాయ పీకే ఆడవాళ్లు వస్తారు. కోతకు ముందు ఒక పదును వాన పడితే చెట్టు సులువుగా ఊడొస్తుంది. పడకపోతే ఎర్రనేల బిగుసుకుపోతుంది. అప్పుడు నడుం వంచి, రెండు చేతులా పట్టి, ఒక పక్కకు మెలి తిరుగుతూ గుంజాలి. వంగడం, గుంజడం, మెలి తిరగడం మూడూ ఒకేసారి పడితే డిస్కు తట్టుకోలేదు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. కరువు ఏళ్లలో అది ఎన్ని ఇళ్లను నిలబెట్టిందో నాకు తెలుసు. అయినా ఎండాకాలం గట్టినేల తవ్వి మట్టి తట్ట ఎత్తడంలోనూ ఆ మూడు కదలికలే ఉన్నాయి.

2. నొప్పి దారిని వేలితో గీసి చూపించమనండి. “తొంటికాడ పట్టుకొని పాదం కంటా గుంజుతాంది సార్, దగ్గితే ప్రాణం పోతాది” అని ఒక పెద్దమ్మ చెప్పిందంటే సగం రోగనిర్ధారణ ఆమే చేసిపెట్టినట్టు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు అంచు చిట్లి, లోపలి గుజ్జు బయటికొచ్చి నరాన్ని నొక్కుతుంది, దాన్ని మండిస్తుంది. ఎక్కువగా నడుము అడుగున ఉన్న చివరి రెండు డిస్కుల దగ్గరే ఇది జరుగుతుంది. కాలి నొప్పికి మూలం అక్కడుందని అమెరికాలో మిక్స్‌టర్, బార్ అనే ఇద్దరు సర్జన్లు 1934లో స్పష్టంగా చూపించారు.

3. కాలు గుంజే ప్రతి మనిషికీ డిస్కు జబ్బు ఉండదు. రాత్రిళ్లు రెండు అరికాళ్లూ మండితే ముందు షుగర్ చూడండి. బీడీలు కాల్చే మనిషికి నాలుగడుగులు వేయగానే పిక్క పట్టేసి, నిలబడితే చాలు తగ్గిపోతే రక్తనాళం సంగతి అనుమానించండి. నిలబడినా తగ్గక, కూర్చుంటేనో ముందుకు వంగితేనో తగ్గే ముసలివాళ్లకు వెన్నులో నరాల దారి ఇరుకై ఉంటుంది. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, నడుం నొప్పి కలిసి వస్తే వెన్ను క్షయను మరిచిపోకండి. మన జిల్లాలో ఇంకొకటుంది: ఏళ్ల తరబడి ఫ్లోరైడు బోరునీళ్లు తాగి వెన్నంతా బిగుసుకుపోయినవాళ్లు. సత్యసాయి మంచినీటి పథకం 1990ల్లో వచ్చింది గానీ, అంతకు ముందు తాగిన నీళ్లు పాత ఎముకల్లో ఇంకా ఉన్నాయి. మెడ తిప్పలేక, కింద కూర్చోలేక వచ్చేవాళ్లకు డిస్కు వ్యాయామాలు అంటగట్టకండి.

4. చేతులతో చూడండి. వెల్లకిలా పడుకోబెట్టి, మోకాలు వంగకుండా ఒక్కో కాలూ మెల్లగా ఎత్తండి. 30 నుంచి 70 డిగ్రీల మధ్యలో నొప్పి మోకాలి కిందికి జరజరా దిగితే, కాలు కొంచెం దించి పాదాన్ని పైకి వంచండి. మళ్లీ దిగితే నరమే. బాగున్న కాలు ఎత్తినప్పుడు జబ్బు కాలు గుంజితే అనుమానం ఇంకా బలపడుతుంది. తర్వాత బొటనవేలు పైకి ఎత్తమని, మీ వేలితో కిందికి నొక్కండి. మడమల మీద నడిపించండి. గోడ పట్టుకుని ఒంటికాలి మునివేళ్ల మీద లేపించండి. పడుకోవడానికి మొహమాటపడే ఆడవాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, మాటల్లో పెట్టి కాలు చాపమన్నా చాలు. నిజమైన నొప్పి ఉన్నవాళ్లు టక్కున వెనక్కి వాలతారు.

5. ఎమ్మారై కాగితానికి వైద్యం చేయకండి. ఏ నొప్పీ లేని యాభై ఏళ్లవాళ్లను స్కాన్ చేసినా సగానికి పైగా మందికి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది. గొర్రెలు అమ్మి స్కాన్ తీయించుకున్నవాళ్లను చూశాను. ఆ స్కాన్ నాలుగు వారాలు ఆగినా ఏమీ కాదు, కింద ఎనిమిదో అంశంలో చెప్పే లక్షణాలు లేకపోతే.

6. “మంచం దిగొద్దు” అనకండి. రెండు వారాలు పడుకోబెడితే అదనంగా ఒరిగేది లేదని పరిశోధనలు తేల్చాయి. కూలికి పోకపోతే పొయ్యి వెలగని ఇంట్లో ఆ సలహా ఎవరూ పాటించరు కూడా. ఎక్కువమందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో నొప్పి బాగా తగ్గుతుంది, చాలాసార్లు బయటికొచ్చిన గుజ్జు దానంతటదే కరుగుతుంది. అంతదాకా నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వేసుకోవాలి, రోజూ కొంచెం నడవాలి, బిందె నిండా కాక సగం మోయాలి. ఊళ్లో సూదిమందు వేసేవాళ్లుంటారు. లోపల ఏముందో చెప్పని సూది వద్దు. పిక్క మీద వాత అసలే వద్దు.

7. బోర్లా పడుకోబెట్టి మోచేతుల మీద ఛాతీ ఎత్తించే వ్యాయామం చేయించినప్పుడు నొప్పి పాదం వదిలి తొడకు, తొడ వదిలి నడుముకు ఎక్కితే అది మంచి గుర్తు. పేషెంటు మాత్రం నడుం నొప్పి పెరిగిందని భయపడి మానేస్తాడు. ఈ ముక్క మొదటిరోజే చెప్పి పంపండి. నొప్పి కిందికి దిగితే ఆ వ్యాయామం ఆపేయండి.

8. మూత్రం రాకుండా ఆగిపోవడం, తెలియకుండా పోవడం, కూర్చునేచోట మొద్దుబారడం, రెండు కాళ్లూ బలం తగ్గడం: వీటిలో ఏది కనిపించినా ఆ రాత్రే బండెక్కించండి. తెల్లారేదాకా ఆగొద్దు. ఆలస్యమైతే మూత్రం మీద అదుపు ఎప్పటికీ తిరిగి రాకపోవచ్చు. సిగ్గుతో ఎవరూ వాళ్లంతట చెప్పరు, కాబట్టి సూటిగా అడగాలి. పాదం వేలాడుతూ ఉన్నా, బలం రోజురోజుకీ తగ్గుతున్నా వెంటనే సర్జన్‌కు చూపించాలి.

9. ఆపరేషన్ అంటే కాలు పడిపోతుందన్న భయం మన ఊళ్లలో ఎక్కువ. సరైన మనిషికి చేస్తే కాలి నొప్పి తొందరగా తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లో 2007లో వెలువడిన అధ్యయనంలో ముందే కోయించుకున్నవాళ్లు త్వరగా తేలికపడ్డారు, ఏడాది తిరిగేసరికి ఆగి చూసినవాళ్లూ దాదాపు వాళ్లతో సమానమయ్యారు. కాబట్టి ఇది చాలామందికి ఎంత తొందరగా తగ్గాలన్న లెక్క. అది పేషెంటే చెప్పాలి, సేద్యం పనులు ఎప్పుడో చూసుకుని.

కుట్లు మానాక అందరూ అడిగేది ఒకటే: “మళ్లీ చెనక్కాయ పీకొచ్చునా?” మొదటి సీజను పీకేది వేరేవాళ్లకు వదిలి, చెట్ల నుంచి కాయలు తెంపే పనికి కూర్చోమంటాను. అదీ నేల మీద కాదు, ఎత్తుపీట వేసుకుని, గంటకోసారి లేచి నాలుగడుగులు తిరుగుతూ.