హనుమంతుడు లేటుగా వచ్చాడు... అప్పుడు రాముడేం చేశాడు?

ఈ వారం పాఠం: ఏఐ కాలంలో మనిషి గౌరవం. టాపిక్ కొత్తదే కానీ దానికి కావాల్సిన కథ మేడ్చల్, శామీర్‌పేట వాళ్లకి బాగా దగ్గర్లో, కీసరగుట్ట మీదే ఉంది.

కీసరగుట్ట స్థలపురాణం

రాముడు ఈ గుట్ట మీద శివలింగాన్ని ప్రతిష్ఠించాలనుకుని, కాశీ నుంచి లింగం తెమ్మని హనుమంతుణ్ని పంపాడు. ముహూర్తం దగ్గరపడినా హనుమంతుడు రాలేదు. అప్పుడు శివుడే ప్రత్యక్షమై లింగాన్ని ఇచ్చాడు, ప్రతిష్ఠ జరిగిపోయింది. ఆ తర్వాత నూటొక్క లింగాలతో వచ్చిన హనుమంతుడు, పని అయిపోయిందని చూసి, బాధతో వాటిని గుట్టంతా విసిరేశాడు.

మన ఆఫీసు భాషలో అయితే డెడ్‌లైన్ మిస్, టాస్క్ ఫెయిల్. రాముడు ఆ లెక్క వేయలేదు. ఎదురుగా నిలబడ్డవాడి కష్టాన్ని చూశాడు. ఈ గుట్ట నీ పేరుతోనే ఉంటుందని వరమిచ్చాడు. హనుమంతుడు కేసరి కొడుకు కాబట్టి ఇది కేసరిగిరి, వాడుకలో కీసర అయింది. విసిరేసిన ఆ లింగాలకు భక్తులు ఇప్పటికీ దండం పెట్టుకుంటారు.

మన రాష్ట్రంలోనే జరిగింది

ఏఐ అనగానే మనకు చాట్‌బాట్ గుర్తొస్తుంది. కానీ పేదవాళ్ల జీవితంలోకి అల్గారిథమ్ అంతకుముందే వచ్చేసింది. తెలంగాణ ప్రభుత్వం "సమగ్ర వేదిక" అనే వ్యవస్థతో వేర్వేరు శాఖల రికార్డులను కలిపి చూసింది. పేరు, అడ్రస్ లాంటి వివరాలు పోల్చి, ఈ రేషన్ కార్డు ఉన్నాయన, ఆ కారున్నాయన ఒక్కరేనా అని సిస్టమ్ అంచనా వేస్తుంది. మన ఊళ్లల్లో ఒకే పేరున్నవాళ్లు ఎంతమందో, ఒక్క పేరుకి ఎన్ని స్పెల్లింగులో మీకు తెలుసు. పొరపాటున జత కుదిరితే, కారే లేని ఇంటికి కారున్నట్టు లెక్క. మనిషికి నెలకు 6 కిలోల బియ్యం పోతాయి.

బోగస్ కార్డులు తీసేయాలనుకోవడం తప్పు కాదు. అసలు సమస్య, ఇంటికెళ్లి అడగకుండా తీసేయడం. సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ పిటిషన్ మీద, 2016 నుంచి రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ జులై నాటికి చూసిన సుమారు 2 లక్షల దరఖాస్తుల్లో 15 వేలకు పైగా అర్హులవే అని తేలింది.

ధర్మం ఏం చెబుతోంది?

గీత ఐదో అధ్యాయం 18వ శ్లోకంలో కృష్ణుడు సమదర్శనం గురించి చెప్తాడు. చదువుకున్నవాడిలో, ఆవులో, ఏనుగులో, కుక్కలో, సమాజం దూరం పెట్టినవాడిలో కూడా జ్ఞాని ఒకే తత్వాన్ని చూస్తాడు. ఇక్కడ కీలకం "చూడటం". మెషీన్ రికార్డులను పోలుస్తుంది, అంతే. ఎదుటివాడిలో ఈశ్వరుణ్ని చూడాల్సింది మనమే.

ఇంకో మాట. "సిస్టమ్ రిజెక్ట్ చేసింది" అని మనం తేలిగ్గా అనేస్తాం. మెషీన్‌కి కర్మ లేదు, కర్మఫలం లేదు. ఎంత పోలిక ఉంటే ఒక్కరేనని అనుకోవాలో నిర్ణయించేది మనిషి. ఆ ఫలితం మీద సంతకం పెట్టేది కూడా మనిషే. కర్త వాళ్లే.

ఈ వారం సాధన

కోడ్ రాసేవాళ్లు మూడు ప్రశ్నలు వేసుకోండి. మన సిస్టమ్ "కాదు" అన్నప్పుడు కారణం చెబుతోందా? దాని మీద అడగడానికి ఒక మనిషి ఉన్నాడా? ఆ పరిశీలన నష్టం జరగకముందే జరుగుతోందా?

మిగతావాళ్లు మీ అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ అన్ననో, ఇంట్లో పనిచేసే అక్కనో ఒక్కసారి అడగండి: రేషన్, పింఛన్ సరిగ్గా వస్తున్నాయా? ఆగిపోతే వాళ్లతో మీసేవకి వెళ్లండి, కారణం రాతపూర్వకంగా అడగండి. మేడ్చల్ జిల్లా వాళ్లయితే, అంతాయిపల్లి కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇవ్వొచ్చు. ఒక్కపూట సెలవు పెట్టాల్సి రావచ్చు, పెట్టండి. దేవుడి దర్శనం కోసం గంటలు గంటలు క్యూలో నిలబడేవాళ్లమే కదా!

వచ్చే వారం మళ్లీ కలుద్దాం. జై హనుమాన్!