గ్రంథాలయ కేటలాగు - ఇంట్లోనే వెతికి బయలుదేరండి

స్కాలర్‌షిప్ సొమ్ము పుస్తకాలకే చాలడం లేదని తల్లిదండ్రులు అంటూ ఉంటారు. కొనే ముందు గ్రంథాలయం ఆన్‌లైన్ కేటలాగు చూడమని నా మనవి. చెన్నై వారికి 1896లో ప్రారంభమైన కన్నెమరా గ్రంథాలయం ఉంది. 1954 నాటి చట్టం ప్రకారం దేశంలో అచ్చయ్యే ప్రతి పుస్తకానికీ ఒక కాపీ అందవలసిన నాలుగు గ్రంథాలయాల్లో అదొకటి. తెలుగు పుస్తకాలూ అందులో చేరినవే.

చిక్కంతా తెలుగు పేర్లు వెతకడంలోనే. చాలాచోట్ల వాటిని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కిస్తారు. ‘విజ్ఞానం’లోని ‘జ్ఞ’ను ఒకరు జి-ఎన్ అని, మరొకరు జె-ఎన్ అని రాస్తారు. ఒక స్పెల్లింగుకు దొరకనంత మాత్రాన పుస్తకం లేదనుకోవద్దు. రచయిత ఇంటిపేరుతో చూడండి. ఐఎస్‌బిఎన్ తెలిస్తే మరీ మేలు.

దొరికాక కాల్ నంబరు రాసుకోండి. డ్యూయీ పద్ధతిలో అకౌంటెన్సీ 657. ఆ బీరువా దగ్గర నిలబడితే మీరు వెతకని మంచి పుస్తకాలూ కనబడతాయి. ‘రెఫరెన్స్’ అని ఉంటే ఇంటికివ్వరు, నోటుబుక్కు పట్టుకెళ్ళండి.

సభ్యులకు ఆన్‌లైన్ ఖాతా ఉన్నచోట గడువు తేదీ అందులోనే తెలుస్తుంది. బ్యాంకు గుమాస్తాగా పనిచేసిన అలవాటు కొద్దీ ఒకటి చెబుతాను: పుస్తకం తిరిగిచ్చిన రోజే ఖాతా తెరిచి, పద్దు కొట్టేశారో లేదో చూసుకోండి. కొట్టేయకపోతే ఆలస్య రుసుము మీ పేరున పెరుగుతూనే ఉంటుంది. రసీదు ఇచ్చి ఉంటే అప్పటిదాకా పారేయకండి.